పదో వలయం

నేను దయ్యాల కథలు చెప్పే రకం కాదు. నన్నెరిగినవాళ్లని అడగండి. చదివింది ఎమ్మెస్సీ జియాలజీ. రోజూ చేసే పని మూడు ముక్కల్లో చెప్పొచ్చు. రాళ్లు కోయడం, కొలవడం, రిజిస్టరులో రాయడం. కొలవలేనిదాన్ని నేను రాయను. ఇప్పుడు చెప్పబోయేది కూడా ఆ రోజు రాయలేదు... ఆ ఒక్క పేజీ ఖాళీగా వదిలేశాను. కావాలంటే పేజీ చూపిస్తాను. ఖాళీ పేజీ చూసి ఏం నమ్మాలి అంటారా... అదీ నిజమే. కానీ ఇది జరిగింది. నాకే జరిగింది. అనకాపల్లిలో, మా ల్యాబులో, పోయిన తుపాను వానలో.

ముందు నాలో ఉన్న ఒక చెడ్డ సంగతి చెప్పాలి. అది దాస్తే మిగతాది అర్థం కాదు.

మా మేనత్త కొడుకు నూకరాజు. వాళ్లది కె. కోటపాడు. నాకంటే నాలుగు నెలలు పెద్ద. ఒకే కాలేజీ, ఒకే సబ్జెక్టు, ఒకే హాస్టలు గది. ఒకరినొకరం బావా అనే పిలుచుకుంటాం. మూడేళ్ల క్రితం ఇద్దరం ఒకేచోటికి దరఖాస్తు పెట్టాం. దక్షిణ ధ్రువం దగ్గరి మంచు ఖండం అంటార్కిటికాకి వెళ్లే శాస్త్రవేత్తల బృందంలో చోటు కోసం.

అసలు ఆ ఖండం గురించి వాడికి చెప్పిందే నేను. డిగ్రీలో ఉండగా ఒక ఆదివారం బొజ్జన్నకొండ మీద కూర్చున్నాం. "ఈ రాయి చూడు బావా. దీని రెండో సగం అంటార్కిటికా ఒడ్డున ఉంది. ఒకప్పుడు రెండూ ఒకే నేల. మధ్యలో చీలిపోయి, సముద్రం వచ్చింది" అని చెప్పాను. వాడు పల్లీలు నములుతూ, "అయితే మన కొండకి అక్కడ సుట్టాలున్నారేటి?" అని నవ్వాడు.

నవ్వినవాడు వెళ్లాడు. ఆ చుట్టాలని చూసి వచ్చాడు. చెప్పినవాణ్ని నేను ఇక్కడే ఉండిపోయాను.

నన్ను ఆపింది వైద్య పరీక్ష. బీపీ. ఇంట్లో చూస్తే ఉండదు. ఆ గదిలో చేతికి పట్టీ చుట్టగానే ఎక్కింది. మూడుసార్లు చూశారు. మూడుసార్లూ ఎక్కింది.

వాడు ఎండాకాలమంతా అక్కడ రాళ్లు ఏరాడు. చలికాలం కూడా స్టేషనులోనే ఉండి, నెలల తరబడి సూర్యుడు లేని చీకటి చూశాడు. తిరిగొచ్చాక మా ఇంట్లో ఏం జరిగిందో వరసగా చెబుతాను. ఒకటి, మా నాన్న వాణ్ని వీధి అరుగు మీద కూర్చోబెట్టి అందరికీ చూపించాడు. రెండు, పెంగ్విన్ల కథ నేను పదకొండుసార్లు విన్నాను. మూడు... మా అమ్మ ఫోను తెరిస్తే కనిపించే ఫొటో నాది కాదు. ఎర్ర కోటు వేసుకుని, మంచులో నిలబడ్డ నూకరాజుది.

వాడి మీద నాకు కోపం లేదు. కోపమైతే ఒకరోజు అరిచి తీర్చుకోవచ్చు. ఇది అలాంటిది కాదు. అన్నం తింటుంటే గొంతులో ఉంటుంది. వాడు బాగా మాట్లాడితే ఇంకా పెరుగుతుంది.

అలాంటి రోజుల్లో వాడు ఒక రాయి తీసుకుని నా దగ్గరికే వచ్చాడు.

రాయి అంటే... చెట్టు. రాయిగా మారిన చెట్టు. పిడికిలంత ముక్క. చూస్తే పొయ్యిలోంచి లాగి ఆర్పిన కట్టెలా ఉంటుంది. చేతిలోకి తీసుకుంటే బరువు తెలుస్తుంది. పాతిక కోట్ల సంవత్సరాల పైమాట. అప్పుడు అక్కడ మంచు లేదు, అడవి ఉంది. కానీ ధ్రువం ధ్రువమే కదా. కొన్ని నెలలు ఆగని వెలుతురు, కొన్ని నెలలు తెల్లారని చీకటి. ఆ చెట్లు వెలుతురున్నన్నాళ్లూ పెరిగేవి. చీకటి పడగానే ఆగిపోయేవి. అందుకే వాటి లోపలి వలయాలు మన చెట్ల వలయాల్లా ఉండవు. వెడల్పుగా పెరిగి, పెరిగి... చివర సన్నటి నల్లగీతతో టక్కున ఆగుతాయి. స్విచ్చి కట్టేసినట్టు. ఒక వలయం, ఒక ఏడాది. ఒక నల్లగీత, ఒక చీకటి.

నూకరాజు తెచ్చిన ముక్కకి ఒక పక్క బెరడు అంచు మిగిలి ఉంది. అది చాలా అరుదు. బెరడుకి ఆనుకుని ఉన్నది చివరి వలయం. అది ఎలా ముగిసిందో చూస్తే, చెట్టు చచ్చింది వెలుతురులోనా చీకట్లోనా అన్నది తెలుస్తుంది. వాడి పరిశోధన మొత్తం ఆ ఒక్క అంచు మీద ఉంది.

దాన్ని చూడాలంటే రాయిని పలచటి రేకులా కోసి, గాజు పలక మీద అంటించి, వెలుతురు దూరేంత సన్నగా అరగదీయాలి. వెంట్రుకకంటే సన్నగా. ఆ పని వాడికి రాదు. పలక పట్టుకోవడం కూడా రాదు. వాళ్ల సంస్థలో చేసే పెద్దాయన రిటైరయ్యాడు. నా పలకలకి కొంచెం పేరుంది. అనుమతి కాగితం పట్టుకుని మా ల్యాబుకి వచ్చాడు.

ఆ పనిలో ఒక సంగతి ఉంది. అరగదీసేటప్పుడు ఎక్కడ ఆపాలో తెలియాలి. సూక్ష్మదర్శినిలో ప్రత్యేకమైన అద్దాల మధ్య చూస్తే రాయి రంగు చెబుతుంది. పసుపు కనిపిస్తే ఇంకా మందంగా ఉన్నట్టు. బూడిదరంగు తెలుపు వస్తే సరిపోయినట్టు. అక్కడ ఆపకుండా ఇంకొక్క నిమిషం అరగదీశారో... రాయి ఉండదు. ఉత్త గాజు మిగులుతుంది. కడుక్కుపోయిన బూడిద నీళ్లలో పాతిక కోట్ల సంవత్సరాలు. ఈ పనిలో అందరికీ ఎప్పుడో ఒకప్పుడు అలా అవుతుంది. ఎవరూ తప్పు పట్టరు.

ఈ మాట గుర్తుపెట్టుకోండి... ఎవరూ తప్పు పట్టరు.

ఆ రోజు పొద్దుట్నుంచీ వాన. మధ్యాహ్నానికి తుపాను తీరం దాటుతుందన్నారు. ల్యాబులో మిగతావాళ్లు ఇళ్లకి వెళ్లిపోయారు. మేమిద్దరమే ఉన్నాం. సాయంత్రానికి రెండు పలకలు పూర్తి చేశాను. మూడోదే బెరడు అంచున్నది. ఒక్కటే వస్తుంది. రెండోది తీయడానికి రాయిలో అంచు మిగల్లేదు.

నూకరాజు స్టూలు మీద కూర్చుని మాట్లాడుతూనే ఉన్నాడు.

"అక్కడ సీకటంటే ఏటనుకున్నావు బావా! మన కరెంటు పోయిన సీకటి కాదు. రోజూ లేత్తావు, పళ్లు తోముకుంటావు, బయటికి సూత్తావు. సీకటే. నెల పోయాక ఎవుడితోనూ మాటాడాలనిపించదు. నిజంగా సెప్తన్నాను, నువ్వు నా పక్కనుంటే బాగుణ్ననిపించేది."

"మధ్యలో నేనెందుకు?"

"అదేటలాగంటావు? ఆ కొండల గురించి నాకు సెప్పింది నువ్వు గాదేటి? అక్కడ ఆ రాయి సూడగానే నువ్వే గుర్తొచ్చేవు. మనూరి కొండలాగే ఉంది బావా. అచ్చం మనూరి కొండే."

అది వాడు నాకు చెప్పకుండా ఉండాల్సింది.

ఏడు దాటింది. "ఆకలేత్తంది. రింగ్ రోడ్డులో పరోటాలు దొరుకుతాయేమో సూసి ఒట్టుకొత్తాను" అని లేచాడు. గుమ్మం దగ్గర ఆగాడు. "జాగర్త బావా. ఆ ముక్క ఇంకోటి లేదు. మళ్లా ఓడెక్కి ఎల్లలేను."

"నాకు చెప్పక్కర్లేదు."

"నీకు సెప్తానేటి? నీ సేతికి సెప్తన్నాను" అని నవ్వి, నా బండి తీసుకుని వానలోకి వెళ్లాడు.

గాలికి తలుపు కొట్టుకుంటుంటే లోపలి నుంచి గడియ పెట్టాను. ఇది గట్టిగా చెప్పగలను. పై గడియ, కింది గడియ... రెండూ.

పలకని సూక్ష్మదర్శిని కింద పెట్టాను. లేత పసుపు. చేత్తో ఇంకో ఇరవై చుట్లు తిప్పితే సరిపోతుంది. వలయాలు లెక్కపెట్టాను. తొమ్మిది. తొమ్మిదో నల్లగీత దగ్గర అంచు ఆగిపోయింది. అంటే చెట్టు చచ్చింది చీకట్లో. మళ్లీ లెక్కపెట్టాను. తొమ్మిది. చిత్తుకాగితం మీద 9 అని రాసి గుండ్రం చుట్టాను. ఫోనుతో ఒక ఫొటో తీశాను. చార్జింగు తక్కువగా ఉందని ఫోను ముందు గదిలో పెట్టి వచ్చాను.

బల్ల మీద రెండు మందపాటి గాజు దిమ్మలు ఉంటాయి. వాటి మీద రాపిడి పొడి, నీళ్లు. కుడి పక్కది ముతక పొడి. ఎడమ పక్కది మెత్తటి పొడి. నేను కుడి పక్క మొదలుపెట్టాను. పలకని రెండు వేళ్లతో నొక్కి, గుండ్రంగా... సర్... సర్... సర్... ఆరు చుట్లు తిప్పాను.

కరెంటు పోయింది.

ఆ చీకట్లో ఎవరైనా చేసే పని ఒకటే. ఆపడం. రంగు చూడకుండా అరగదీయకూడదు. మా పనిలో మొదటిరోజు నేర్పేది అదే. నా చెయ్యి ఆగింది. ఎంతసేపు... రెండు మూడు క్షణాలు.

అప్పుడు నా బుర్రలో ఒక మాట తయారుగా ఉంది. ఎప్పుడు తయారైందో తెలీదు. "కరెంటు పోయింది బావా. చేతిలో పోయింది." అంతే. ఎవరూ తప్పు పట్టరు. వాడు కూడా పట్టడు. వాడైతే నన్నే ఓదారుస్తాడు.

ముందు గదిలోకి వెళ్లి ఫోను తెచ్చుకోవచ్చు. పది అడుగులు. తెచ్చుకోలేదు. ఎందుకు తెచ్చుకోలేదో నాకు తెలుసు. మీకూ తెలిసే ఉంటుంది.

మళ్లీ తిప్పడం మొదలుపెట్టాను.

ఆరు తర్వాత ఏడు, ఎనిమిది... చుట్లు లెక్కపెట్టాను. ఆ అలవాటు పోదు. ఇరవై. సరిగ్గా అక్కడ ఆపాలి. ఆపలేదు. నలభై. అరవై. ఈపాటికి రాయి పోవాలి. రాయి పోయిందని చెవికి తెలుస్తుంది. గాజు మీద గాజు రాసుకుంటే కీచుమంటుంది. ఆ కీచు కోసం వింటూ తిప్పాను. వంద.

సర్... సర్... సర్...

రాలేదు. ఇంకా నొక్కాను. నూట యాభై. బొటనవేలు నొప్పి పుట్టింది. రేకుల మీద వాన. దూరంగా హైవే మీద ఒక లారీ. రెండు వందలు. కీచు లేదు. పైగా చప్పుడు మెత్తబడింది. పచ్చికట్టె మీద రంపం లాగినట్టు... తడిగా. వాసన వేసింది. వానరోజున పరవాడ వైపు గాలి మోసుకొచ్చే మందుల కంపెనీల వాసన నాకు తెలుసు. బెల్లం పాకం తెలుసు. తడి సిమెంటు తెలుసు. ఇది వాటిలో ఏదీ కాదు. అప్పుడే గొడ్డలితో చీల్చిన కట్టె వాసన. ఆ గదిలో కట్టె అన్నది లేదు. స్టూళ్లు ఇనుపవి. తలుపు ఇనుపది.

నీళ్లు చల్లబడ్డాయి. వేళ్ల కొసలు మొద్దుబారాయి.

మూడు వందలు. ఆపేశాను. భయం వేసి కాదు. చెయ్యి అలిసిపోయి. నా రెండు వేళ్లూ పలక మీదే ఉన్నాయి. కదలకుండా.

సర్...

ఇక్కడ నేను నెమ్మదిగా చెబుతాను. తొందరపడితే నేనే నమ్మను.

సర్...

నా చెయ్యి కదలడం లేదు. రెండో చేత్తో మణికట్టు పట్టుకుని చూసుకున్నాను. కదలడం లేదు. చప్పుడు నా వేళ్ల కింద నుంచి కాదు. ఎడమ పక్క నుంచి. మెత్తటి పొడి ఉన్న దిమ్మ మీద నుంచి. మెత్తటి పొడి చప్పుడు వేరుగా ఉంటుంది. ముతకది సర్ అంటుంది. మెత్తటిది... సుస్ అంటుంది. చెవిలో గుసగుసలాడినట్టు.

సుస్... సుస్... సుస్...

తొందర లేదు. ఒకే బరువు. ఒకే వేగం. గుండ్రంగా. పని తెలిసిన చెయ్యి అలా తిప్పుతుంది. పదిహేనేళ్లు చేసినవాడు తిప్పుతాడు. నేను అలా తిప్పలేను. నాకు చివర్లో వేగం పెరుగుతుంది.

"బావా?" అన్నాను.

ఆగలేదు.

పలక వదిలేసి వెనక్కి జరిగాను. వదిలేశానా, విసిరానా, ఎక్కడ పెట్టాను... ఇవేవీ గుర్తులేవు. గోడకి వీపు ఆనించి నిలబడ్డాను. లెక్కపెట్టాను. ఇంకేం చేయాలో తెలియక లెక్కపెట్టాను. పద్నాలుగు చుట్లు. కావలసిన ఇరవైలో నేను వెలుతురులో తిప్పిన ఆరు పోగా మిగిలినన్ని. పద్నాలుగో చుట్టు తర్వాత ఆగింది. ఆ తర్వాత టప్... టప్... రెండు చుక్కలు. పలకని నీళ్లలోంచి తీసి నిలువుగా పట్టుకుంటే అలా కారుతుంది.

తర్వాత ఏమీ లేదు. వాన ఒక్కటే.

ఎంతసేపు నిలబడ్డానో చెప్పలేను. గడియారం చూడలేదు. జీవితంలో సమయం రాయలేకపోయింది ఆ ఒక్కసారే.

కరెంటు వచ్చింది. గదిలో ఎవరూ లేరు. తలుపుకి రెండు గడియలూ వేసే ఉన్నాయి. పలక ఎడమ పక్క దిమ్మ మీద ఉంది. శుభ్రంగా. పైన పొడి నలుసు కూడా లేదు.

తీసి సూక్ష్మదర్శిని కింద పెట్టాను. ఉత్త గాజు కనిపిస్తుందనుకున్నాను. నిజం చెబుతున్నాను... కనిపించాలనే అనుకున్నాను, అప్పటికి కూడా.

బూడిదరంగు తెలుపు. అంచు నుంచి అంచు దాకా. ఎంత సన్నగా ఉండాలో అంత.

లెక్కపెట్టాను. తొమ్మిది నల్లగీతలు. తొమ్మిదో గీత దాటాక... ఇంకొక వలయం. వెడల్పుగా, నిండుగా, కణం కణం తెలిసేలా. దాని చివర నల్లగీత లేదు. బెరడు దాకా వెళ్లి, పెరుగుతూ పెరుగుతూనే ఆగింది.

తలుపు దబదబ బాదారు.

"ఒరే బావా! తలుపు తియ్యి! తడిసిపోతన్నాను!"

నూకరాజు. తల నుంచి నీళ్లు కారుతున్నాయి. చొక్కా లోపల పరోటాల పొట్లం దాచి తెచ్చాడు. "ఊరంతా కరెంటు పోయింది, అన్నీ మూసీసేరు. ఒక్క సాయిబు గారి కొట్టు తీసుంది. ఆయన కూడా కట్టీయబోతంటే బతిమాలేను. ఏటలా ఉన్నావు? దెయ్యాన్ని సూసేవేటి?"

సూక్ష్మదర్శిని వైపు చూపించాను. పక్కకి జరిగాను. వాడు చేతులు ప్యాంటుకి తుడుచుకుని కన్ను ఆనించాడు. పెదాలు కదుపుతూ లెక్కపెట్టాడు.

"బావా..." అన్నాడు. "పది. పదో దానికి గీత లేదు. అంటే ఇది సీకట్లో సావలేదు. తొమ్మిదో సీకటి దాటీసింది. మళ్లీ ఎలుతురు సూసింది. ఎలుతుర్లో ఉండగానే పోయింది."

వాడి కళ్లలో నీళ్లు. అలాగే వచ్చి నన్ను గట్టిగా పట్టుకున్నాడు, తడిబట్టలతో. "కరెంటు లేకండా ఎలాగ సేసేవురా? ఇలాటి పని ఎవుడూ సెయ్యలేడు. నీ పేరు లేకండా ఈ పేపరు ఎల్లదు. ముందు నీది, తరవాత నాది. ఏటంటావు?"

ఏమంటాను? పరోటా తిన్నాను.

తర్వాత కారణాలన్నీ రాసుకున్నాను. మొదటిది, నేను ముందు తప్పు లెక్కపెట్టాను. అయ్యుండొచ్చు. కానీ తొమ్మిది లెక్క ఎవరు తప్పుతారు? అదీ రెండుసార్లు? రెండోది, మందంగా ఉన్నప్పుడు పదో వలయం కనిపించలేదు, అరిగాక బయటపడింది. ఇది బాగుంది. కానీ మూడు వందల చుట్లకి పలకలో ఏమీ మిగలకూడదు. మూడోది, చీకట్లో పొడి పక్కకి జరిగిపోయి, నేను ఉత్త నీళ్ల మీద తిప్పాను. ఇదీ బాగుంది. మరి ఎడమ పక్క చప్పుడు? రేకుల మీద వాన అనుకోవచ్చు. అలాగే అనుకున్నాను. ఫోనులో ఆ రోజు తీసిన ఫొటో తెరిచి చూశాను. ఫొటో గుండ్రంలో తొమ్మిదో గీత దాకా పడింది. అంచు పడలేదు. అవతల ఏముందో ఫొటో చెప్పదు.

మూడు వారాలు అలా నెట్టుకొచ్చాను. దాదాపు నమ్మేశాను కూడా.

ఒక రోజు మధ్యాహ్నం నూకరాజు ఫోను చేశాడు. వాళ్ల సంస్థలో పెద్ద సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశారట.

"బావా, ఒక డౌటు. తొమ్మిది వలయాల మీదా సన్నగీతలున్నాయి. రాపిడి గీతలు. అడ్డదిడ్డంగా, పిచ్చిపట్టినోడు గీకినట్టు."

"చీకట్లో చేశాను కదా" అన్నాను.

"అది కాదు. పదో దాని మీద ఒక్కటంటే ఒక్కటి లేదు. అద్దంలాగుంది. మా సారు కూడా సూసేరు. అంత సిన్న జాగాని విడిగా ఎలాగ పాలిషు పెట్టేడు, అడుగు అన్నారు. సెప్పు బావా. ఎలాగ సేసేవు?"

"ఊరికే... చేతి అలవాటు" అన్నాను.

"నీ సెయ్యి సెయ్యి గాదురా బాబూ" అని నవ్వి పెట్టేశాడు.

ఆ పని నాకు రాదు. ఎవరికీ రాదనుకుంటాను. అంత చిన్న చోట, పక్క వలయాన్ని ముట్టుకోకుండా... ఎలా? ఆ తర్వాత ఎన్నోసార్లు ప్రయత్నించాను. పనికిరాని రాళ్ల మీద, కళ్లు మూసుకుని, సరిగ్గా పద్నాలుగు చుట్లు. గీతలే వచ్చాయి.

ఆ రాత్రి అక్కడ ఎవరైనా ఉన్నారో, లేక నా బీపీయే అలా ఆడించిందో నాకు ఇవాళ్టికీ తెలీదు. ఉన్నారు అనుకుంటే భయం వేస్తుంది. కానీ భయంకంటే ముందు ఇంకోటి వస్తుంది... సిగ్గు విడిచి చెబుతున్నాను. ఎవరైతేనేం, వాళ్ల పనితనం నాదానికంటే బాగుంది. అదీ నాకు మింగుడుపడటం లేదు.